పెద్దాయనకి నీళ్లెక్కించిన రోజు

ఆదివారం పొద్దున్న లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బయటికి వెళ్లి వచ్చేలోగా ఆమె కంప్యూటరులో బొమ్మల్ని చురుగ్గా కదిలించే కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టేయాలి. ఆమె వచ్చి స్విచ్చి నొక్కాలి, ఆశ్చర్యపోవాలి, మెచ్చుకోవాలి. ఈ మూడోది పెళ్లయిన దగ్గర్నుంచి ఇంకా జరగలేదు.

ఆవిడ పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీస్తుంది. ఈ వారమే అప్పజెప్పాల్సిన సినిమా అంతా ఆ కంప్యూటరులోనే ఉంది. అది వేడెక్కకుండా లోపల సన్నటి గొట్టాల్లో ఎర్రరంగు కలిపిన నీళ్లు తిరుగుతుంటాయి, వాటిని ఓ చిన్న పంపు తిప్పుతుంటుంది. ఈ ఏర్పాటంతా వేరే ఊళ్లో కంప్యూటర్ల షాపు నడిపే ఆమె తమ్ముడిది. బొమ్మ కదలమంటే కాసేపు మూలిగి గానీ కదలదు కాబట్టి, మొగుడూ పెళ్లాలు దానికి ‘పెద్దాయన’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

అసలు పెద్దాయన మాస్టారి మామగారు. వాళ్లతోనే ఉంటారు. బిల్డింగులో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. తన పేరు ఇంకొకరికి కూడా ఉందన్న సంగతి ఆయనకి తెలియదు.

"ఇది ఇలా మూలుగుతూ ఉంటే సినిమా ఈ జన్మకి పూర్తవదు" అని ముందురోజు భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయినా సరే, మీరు మాత్రం దాంట్లో చెయ్యి పెట్టకండి" అని కూడా అంది. మాస్టారు మొదటి మాటే చెవికెక్కించుకున్నారు.

మామగారు క్షవరానికి బయల్దేరారు. మాస్టారు గది తలుపు గడియ పెట్టి, ఫోనులో బావమరిదిని పిలిచి, స్పీకరు పెట్టి పనిలోకి దిగారు. పాత నీళ్లు బకెట్లోకి వంచారు. గొట్టాలు ఊడదీశారు. కొత్త కార్డు బిగించి, దాని మీదున్న రాగి పలక గుండా నీళ్లు పారేలా గొట్టాలు మళ్లీ కలిపి, ఎర్రనీళ్లు తిరిగి పోశారు. మిగతా భాగాలకి అందకుండా ఒక్క పంపుకే కరెంటు ఇచ్చారు.

పంపు ఉలకలేదు, పలకలేదు.

 మాస్టారి కళ్ల ముందు భార్య మొహం కదిలింది. 

సరిగ్గా అప్పుడే పక్కింటి రిటైర్డు నర్సమ్మ, అడిగి తీసుకెళ్లిన గిన్నె తిరిగిచ్చేద్దామని లోపలికి వచ్చింది. గడియ పెట్టిన తలుపు వెనక నుంచి మాస్టారి ఏడుపు గొంతు వినబడింది.

"ఒరేయ్, పెద్దాయన గొట్టాలన్నీ పీకేశాన్రా! బకెట్లోకి ఎర్రగా కారింది. మళ్లీ ఎక్కించాను. పంపు కొట్టుకోవట్లేదు. చెయ్యేసి చూస్తే చల్లగా ఉన్నాడు!"

"కంగారు పడకు బావా. ఇంకోసారి కరెంటిచ్చి చూడు."

"ఇచ్చాను. ఒక్కసారి వణికి ఊరుకున్నాడు. మీ అక్కకి మాత్రం చెప్పకు. తను వచ్చేలోగా ఏదో ఒకటి చేసేయాలి."

నర్సమ్మ గిన్నె అక్కడే పెట్టేసింది. పిల్లిలా బయటికి వచ్చి, మాస్టారి భార్యకి ఫోను చేసింది.

"అమ్మా, గుండె దిటవు చేసుకో. పెద్దాయన పరిస్థితి ఏం బాగోలేదు. మీ ఆయన గొట్టాలు పీకేశాడు. పంపు ఆగిపోయిందట."

"అయ్యయ్యో! చెయ్యి పెట్టొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!" అవతల ఆవిడ కేక పెట్టింది. "చూడండి పిన్నిగారూ, పెద్దాయన పోతే పోయాడు. ఎలాగూ ముసలాడైపోయాడు, ఎప్పుడో మార్చేద్దామనుకుంటున్నాం. లోపలున్నది మాత్రం పోకూడదు! నేను వస్తున్నా, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి!"

నర్సమ్మ ఫోను పెట్టేసింది. అల్లుడు అలాంటివాడు, కూతురు ఇలాంటిది. పాపం, ముసలాయన లోపల ఏం దాచుకున్నాడో! వెంటనే అంబులెన్సుకి చెప్పి, కనబడ్డ తలుపునల్లా కొట్టింది.

దబదబా చప్పుడు విని మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. భార్య వచ్చేసిందనుకున్నారు.

"తలుపు తీయండి మాస్టారూ! లోపల ఏం చేస్తున్నారు?"

అది భార్య గొంతు కాదు. మాస్టారికి భయం ఇంకా ఎక్కువైంది. "ఏం లేదు... శుభ్రం చేస్తున్నాను" అన్నారు.

ఆ మాటతో బయట కలకలం రేగింది. నలుగురు కలిసి ఒక్క తోపు తోశారు. గడియ ఊడిపోయింది. చొక్కా నిండా ఎర్రటి మరకలతో మాస్టారు, పక్కనే బకెట్టు. ఎవరో కెవ్వుమన్నారు. స్ట్రెచరు పట్టుకుని దూసుకొచ్చిన అంబులెన్సు కుర్రాళ్లు ఆగలేక బల్లని ఢీకొట్టారు. కంప్యూటరు పక్కకి ఒరిగింది.

"పెద్దాయన పడిపోతున్నాడు!" అని అరిచి, మాస్టారు దాన్ని రెండు చేతులా వాటేసుకున్నారు.

"ఎవరయ్యా పడిపోతున్నది?" అని వెనక నుంచి వినబడింది.

గుమ్మంలో మామగారు, కొత్తగా చేయించుకున్న క్షవరంతో నిలబడి ఉన్నారు. నర్సమ్మ ఆయన్ని చూసింది.  ఉన్నపళంగా స్ట్రెచరు మీద కూలబడింది. వచ్చినందుకు పని దొరికిందని కుర్రాళ్లు ఆమెకి బీపీ చూడడం మొదలుపెట్టారు.

ఇంతలో మాస్టారి కౌగిట్లో ఏదో గుడగుడమంది. ఎర్రటి నీళ్లు గొట్టంలో బుడబుడా కదిలి, కొత్త కార్డులోకి జారి, అవతల నుంచి బయటపడి చుట్టూ తిరగసాగాయి.

"అదే బావా, ఆ చప్పుడే!" అని బల్ల కింద పడ్డ ఫోను అరిచింది. "పంపులో గాలి ఇరుక్కుంది. ఒకసారి పక్కకి వంచమని చెబుదామంటే నీ ఏడుపులో సందు దొరకలేదు!"

అప్పుడే భార్య రొప్పుకుంటూ జనాన్ని తోసుకొచ్చింది. "ఏవండీ, ఉన్నాడా, పోయాడా?"

"ఉన్నానమ్మా" అన్నారు మామగారు ఆప్యాయంగా.

"నువ్వు కాదు నాన్నా!" అంటూ ఆయన్ని దాటుకుని వెళ్లింది.

మాస్టారు మిగతా తీగలు కలిపి, దేవుడా అనుకుని స్విచ్చి నొక్కారు. తెర వెలిగింది. సినిమాలోని చిన్న ఏనుగు, ఎన్నడూ లేనిది, తడుముకోకుండా చెంగుచెంగున పరిగెత్తింది. ఆవిడ కళ్లు తుడుచుకుని భర్త వైపు చూసింది. తిట్టాలో మెచ్చుకోవాలో తేలక, "చొక్కా మార్చుకోండి" అంది.

ఇక పని మొదలుపెడదామని వెనక్కి తిరిగింది. కానీ పోతాడనుకుని వచ్చినవాళ్లెవరూ పోలేదు. కంప్యూటరు పెట్టెకున్న గాజు పలక వెనక ఎర్రగా వెలుగుతూ తిరుగుతున్న నీళ్లని నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నర్సమ్మ స్ట్రెచరు మీంచే మెడ సాచి చూస్తోంది. అందరికంటే ముందు, కూతురి కుర్చీలో మామగారు కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఇదెలా పనిచేస్తుందో మొదటి నుంచి చెప్పవయ్యా" అన్నారు.

సినిమా తీసే మనిషికి ఆ సాయంత్రం దాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు.