పల్చటిదా, చిక్కటిదా

ఈ రోజుల్లో దుకాణానికి వెళ్ళి ఒక్క వస్తువు తిన్నగా కొనుక్కొచ్చే రాత మనిషికి లేదు. సబ్బు అడిగితే పదకొండు రకాలు చూపిస్తారు. ఇంజిన్ ఆయిలు అడిగితే మరీ అన్యాయం: గోడ నిండా డబ్బాలు, డబ్బా నిండా అంకెలు. ఐదు డబ్ల్యూ నలభై, ఇరవై డబ్ల్యూ యాభై. మొదటి అంకె చల్లటి ఇంజిన్లో ఆయిలు ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుందట, రెండోది కాగిన ఇంజిన్లో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుందట. పెళ్ళి సంబంధాలకి కూడా ఎవరూ ఇంత వివరం ఇవ్వరు.

ఆ ఆదివారం పొద్దున అల్లుడి పథకం మాత్రం చాలా చిన్నది. ఏడింటికి కారులో ఆయిలు మార్చాలి. తొమ్మిదింటికి మామగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొండ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకు రావాలి.

అల్లుడు బీమా ఆఫీసులో గుమస్తా. ఎవరో వాడి వదిలేసిన రెండు తలుపుల ఎర్ర కారు ఒకటి మోజుపడి కొన్నాడు. దానికి వేగం పెంచే టర్బో ఉంది. ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఆరు స్పీడు బ్రేకర్లు ఉండటం వల్ల ఆ టర్బో ఇంకా నిద్ర లేవలేదు. మామగారు బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు హెడ్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. అయినా పెళ్ళయిన ఈ ఏడేళ్ళలో అల్లుడు నడిపే బండి ఒక్కటీ ఆయన ఎక్కలేదు. "నడిస్తే మోకాళ్ళకి మంచిది బాబూ" అనేవారు. అలాంటిది మొన్న, "ఆయిలు మార్చండి బాబూ, ఆదివారం వస్తాను" అన్నారు. అల్లుడు ఆ మాట ఆఫీసులో అందరికీ చెప్పాడు. బీమా కోసం వచ్చినవాళ్ళకి కూడా చెప్పాడు.

ఈ మామా అల్లుళ్ళకి ఒక జబ్బుంది. మర్యాద. ఒకరి మాట ఒకరు ఎదురుగా కాదనలేరు. ఫ్యాను వేయాలా వద్దా అన్నదానికి కూడా "మీ ఇష్టం", "అయ్యో, మీ ఇష్టం" అనుకుంటూ ఇద్దరూ చెమటలో తడుస్తారు.

పాత ఆయిలు మామగారే దించేశారు. అల్లుడు కారు పుస్తకంలో చెప్పిన ఐదు డబ్ల్యూ నలభై రకం, నాలుగు లీటర్ల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. ఆయన మూత తీసి, ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దారు.

"నీళ్ళలా ఉంది బాబూ."

"అంటే, పుస్తకంలో..."

"మంచిదే. మీరు తెచ్చారంటే మంచిదే."

ఆ రెండో 'మంచిదే' అల్లుడి గుండెలో గునపంలా దిగింది. 'ముప్పై ఏళ్ళ అనుభవాన్ని పుస్తకం పెట్టి కొట్టానే!' అనుకుని, సందు చివర పనుందని చెప్పి దుకాణానికి పరుగెత్తాడు.

అతను అటు వెళ్ళగానే మామగారు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం చదివారు. టర్బోలో ఆయిలు పారే దారులు సన్నగా ఉంటాయనీ, పల్చటి ఆయిలే పోయాలనీ ఉంది. 'కుర్రాడు అంత శ్రద్ధగా తెస్తే నీళ్ళంటానా!' అని నొచ్చుకుని, ఆ నాలుగు లీటర్లూ ఇంజిన్లో పోశారు. డిపో అలవాటు కొద్దీ ఖాళీ డబ్బా సామాన్ల గదిలో సర్దేసి, కూతురి చెవిలో, "అమ్మాయ్, అల్లుడుగారి మాటే నిలబెట్టి పోసేశాను, చెప్పకేం" అని స్నానానికి వెళ్ళారు.

అల్లుడు ఇరవై డబ్ల్యూ యాభైతో తిరిగొచ్చాడు. పల్చటి డబ్బా లేదు. 'కళ్ళెదుట ఉండటం కూడా సహించలేకపోయారన్నమాట!' అనుకుని, చిక్కటిది నాలుగు లీటర్లూ పోసేశాడు. పోసి, భార్యతో, "ఏమే, మీ నాన్నగారి మాట నిలబెట్టి పోసేశాను. చెప్పకు" అన్నాడు.

ఆమె బడిలో లెక్కల టీచరు. అయినా కూడలేదు. ఒకే పని ఇద్దరూ తామే చేశామని చెప్పుకోవడం ఆ ఇంట్లో కొత్త కాదు కదా అని నవ్వుకుని ఊరుకుంది.

తొమ్మిదింటికి మామగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, ముందు తలుపు పిడి మీద చెయ్యి వేశారు. అల్లుడు తాళం తిప్పాడు. కారు దగ్గింది, వణికింది, వెనకనుంచి నీలం పొగ వదిలింది. ఆ పొగ పైకి లేచి, మేడ మీద అద్దెకుండే దర్జీ ఆరేసిన దుప్పట్లను పలకరించింది.

"ఆపండి బాబూ, ఆపండి!"

అల్లుడు ఆపాడు. దర్జీ మాత్రం ఆగలేదు. పైనుంచి బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. అవి మామగారి ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. తర్వాత ఫైరింజనుకి ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేసరికి మంట లేదు, మర్యాద మాత్రం ఉంది.

"తప్పు నాదే మావయ్యగారూ."

"కాదు బాబూ, నాదే."

"మంటెక్కడండీ? తప్పు తర్వాత పంచుకుందురు గానీ" అన్నాడు ఫైరింజను డ్రైవరు.

మామగారు ఆయిలు కొలిచే పుల్ల లాగి చూశారు. పైదాకా తడిసిపోయి ఉంది.

"ఆయిలు మీరు పోశారా?"

"పోశాను. మీరు..."

"నేనూ పోశాను."

"నాలుగూ నాలుగూ ఎనిమిది" అంది టీచరు. ఈసారి కూడింది.

ఫైరింజను వెళ్ళిపోయింది. ఆ ఎనిమిది లీటర్లూ దించేయడానికి తడిచొక్కాతోనే మామగారు కారు కిందికి దూరారు. పక్కనే అల్లుడూ దూరాడు. ముఖాల మీద ఆయిలు చుక్కలు పడుతుంటే ఉన్నట్టుండి మామగారి గొంతు లేచింది.

"అది కాదురా వెధవా! పదిహేడో నంబరు పానా! ఏడేళ్ళయింది, ఒక్క మాట నోరు తెరిచి కాదనవేంట్రా?"

పదిహేడో నంబరు పానా ఆయన చేతికి వచ్చింది. తర్వాత, "మీరు తిట్టలేదుగా మావయ్యా" అన్నాడు అల్లుడు. కళ్ళలోంచి ఏదో తుడుచుకున్నాడు. ఆయిలు కాదు.

ఇంజిన్‌కి ఏమీ కాలేదు. అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. "పుస్తకం రాసినవాడు వెర్రివాడట్రా? పల్చటిదే పోద్దాం" అని మామగారు. "మీ వేళ్ళకి తెలిసింది పుస్తకానికి తెలుసా? చిక్కటిదే" అని అల్లుడు. మూడు వారాలైంది. రోజూ సాయంత్రం ఆయిలు లేని కారులో కూర్చుని ఎదురుగానే కాదనుకుంటున్నారు. మామగారు కూర్చునేది ముందు సీట్లోనే. టీచరమ్మ బడికి నడిచి వెళుతోంది.

అందుచేత పాఠకులారా, మీకు తెలిస్తే దయచేసి చెప్పండి, పోయాల్సింది ఏది? చేతులు జోడించి అడుగుతున్నాను. కాకపోతే, ఇద్దరికీ విడివిడిగా మాత్రం చెప్పకండి.