కోళ్లగూట్లో కానుకల గిన్నె

పొద్దున్నే స్టెల్లా కాఫీలో చెక్కపొట్టు తేలింది.

"ఏటండీ ఇది? నిన్న పప్పులో, ఇవాళ కాఫీలో."

"తీసేసి తాగు. పనసచెక్కే కదా," అన్నాడు ఏలియా బూట్లు తొడుక్కుంటూ.

"వరండాలో ఆ బస్తాలు తీస్తారా, తియ్యరా?"

"డ్యూటీ దిగాక చూద్దాం."

ఏలియా కిరండూల్‌లో గూడ్సు గార్డు. తీరిక దొరికితే వరండాలోని లేత్ మీద చెక్కను తిప్పి గిన్నెలు చేస్తాడు. కోతల పండుగకు అతను కానుకల గిన్నె ఇస్తున్నాడని పాస్టరుగారు చర్చిలో ప్రకటించేశారు. చేసిన రెండు గిన్నెలూ ఆరేటప్పుడు పగిలాయి. బుట్టంత వెడల్పున, అంచు చుట్టూ ద్రాక్షగుత్తులు చెక్కిన మూడోదాన్ని ఆఖరి మొద్దుతో చేశాడు. పచ్చిచెక్క నిదానంగా ఆరాలని దాన్ని పొట్టులో కప్పి ఒక బస్తాలో పెట్టాడు. చెబితే భార్య రోజూ తీసి చూస్తుందని చెప్పలేదు.

అతను గూడ్సు ఎక్కగానే స్టెల్లా బస్తాలన్నీ గోడ మీంచి పక్క క్వార్టరులోకి దించింది. బట్టల తీగ దగ్గర మాటా మాటా వచ్చి, ఆ ఇంటి వరహాలమ్మతో నెల రోజులుగా మాటల్లేవు. "కోళ్లకి" అని ఒక్క మాట అని వచ్చేసింది.

సాయంత్రం వరహాలమ్మ ఆవకాయ జాడీ పంపింది. పొట్టుకే ఇంత మర్యాదా అని స్టెల్లా సిగ్గుపడి చేపల పులుసు పంపింది. మర్నాడు చీర వచ్చింది.

మూడోరోజు ఏలియా దిగాడు. "బస్తాలో గిన్నె ఉందే!"

స్టెల్లా కట్టుకున్న కొత్త చీరవైపు చూసుకుంది.

ఇద్దరూ వెళ్లేసరికి వరహాలమ్మ గుమ్మంలోనే ఉంది. "రా బాబూ. పొట్టులో దాచి పంపినావు కదే స్టెల్లమ్మా, నా కోపం అక్కడే పోయింది."

గూట్లో, ద్రాక్షగుత్తుల మధ్య, నల్లకోడి ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది.

"పొదగడానికి తొమ్మిది గుడ్లు పెట్టీసేను. ఇరవయ్యొక్క రోజులు కదపకూడదు."

"మీరంటే మాకు అభిమానం కదా పిన్నిగారూ," అంది స్టెల్లా.

పండుగకు ఇరవై నాలుగు రోజులున్నాయి. ఏలియా రోజూ సాయంత్రం గూటి ముందు గొంతుక్కూర్చునేవాడు. కోళ్ల వ్యాపారం పెడుతున్నాడని కాలనీలో అనుకున్నారు.

ఇరవై రెండోరోజు ఎనిమిది పిల్లలు బయటికొచ్చాయి. ఏలియా గిన్నె తుడిచి, టార్చి వేసి, అంగుళం అంగుళం వెతికాడు. ఒక్క పగులు లేదు.

"ఇది చర్చికని చేశానండీ," అన్నాడు వరహాలమ్మతో మెల్లగా.

"దేవుడికి అంటే నేనడ్డమా బాబూ? నేనే ఇస్తాను."

పండుగనాడు పాస్టరుగారు వరహాలమ్మ దాతృత్వాన్ని మూడుసార్లు మెచ్చుకున్నారు. ఆవిడ మొదటి వరసలో కూర్చుని వింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏలియా అన్నం కలుపుతూ చెప్పాడు. "ఇకమీదట నా గిన్నెలు నేను ఆరబెట్టను. మనం కోళ్లు పెంచుతున్నాం."

స్టెల్లా అతని పళ్లెంలోకి తీసిన కోడిముక్కను కాసేపు చూసి, తిరిగి కూరలో వేసింది.