కొమ్మల కుప్పకు ఇద్దరల్లుళ్ళు

ఆ ఆదివారం ఉదయం అత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందురోజు తోటమాలి చెట్లన్నీ కత్తిరించి, కొమ్మలూ రెమ్మలూ ఇంటిముందు కుప్పపోసి వెళ్ళాడు. చెత్తబండివాడు ఆ కుప్పను చూసీ చూడనట్టు దాటిపోయాడు. దాన్ని అల్లుళ్ళలో ఎవరో ఒకరి చేత తీయించేసి, మధ్యాహ్నం హాయిగా నడుం వాల్చాలని ఆవిడ అనుకున్నారు.

పొరపాటల్లా ఇద్దరికీ ఫోన్ చెయ్యడం. "బాబూ, ఆ కుప్ప నా కళ్ళముందు నుంచి తీసేసిన వాళ్ళు ఏమడిగినా కాదనను" అని ముందు పెద్దల్లుడితో అన్నారు. అతను చూద్దాంలెండి అని నసిగేసరికి, ఎందుకైనా మంచిదని చిన్నల్లుడితోనూ అదే మాట అన్నారు. ఆవిడ మనసులో ఉన్నది మంచి భోజనం. అల్లుళ్ళ మనసులో మెదిలింది వీధి గది.

వీధి గది అంటే గేటు పక్కన, కంచె పొదల చాటున, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న పెద్ద గది. పెద్దల్లుడు పళ్ళ డాక్టరు. సొంత క్లినిక్ లేదు. ఇంకో డాక్టరుగారు భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీ దగ్గర నిలబడి తన పేషెంట్లను చూసుకుంటాడు. ఆయన త్వరగా తిని వచ్చేస్తే, పేషెంటును తెరిచిన నోటితోనే వరండాలోకి నడిపించుకుపోవాలి. చిన్నల్లుడు ఫొటోగ్రాఫరు. అతని పడగ్గదే స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్ళు మంచం మీద కూర్చుంటే, వాళ్ళ వెనకాల భార్య తెల్లదుప్పటి పట్టుకుని నిలబడాలి. ఇక నావల్ల కాదు, చేతులు పడిపోతున్నాయి అని ఆ అమ్మాయి ఈమధ్యే తేల్చి చెప్పింది. పాపం, ఇద్దరికీ ఆ గది నిజంగానే అవసరం.

పెద్దల్లుడు ఒక మిషను అద్దెకు తెచ్చాడు. అందులో ఒక చక్రం, చక్రానికి కత్తులు. స్విచ్ వెయ్యగానే అది వీధి వీధంతా అదిరేలా అరుస్తూ తిరిగింది. పిడికెడు రెమ్మలు పడేస్తే రెప్పపాటులో తురుము చేసి అవతల కక్కింది. డాక్టరుగారు చప్పుడు వినపడకుండా చెవులకు డిప్పల్లాంటివి తగిలించుకుని, గది అప్పుడే తన చేతికి వచ్చినంత ధీమాగా నిలబడ్డాడు.

అంతలో చిన్నల్లుడు ఇంకో మిషను దొర్లించుకుంటూ వచ్చాడు. అదీ అద్దెదే. దాంట్లో కత్తులు లేవు. పళ్ళున్న ఇనప రోలరొకటి మెల్లగా తిరుగుతూ, కొమ్మను ఎదురుగా ఉన్న రేకుకు అదిమి ముక్కలు చేస్తుంది.

"ఇది తిరుగుతోందా తమ్ముడూ, కునుకు తీస్తోందా?" అన్నాడు పెద్దల్లుడు తన మిషను ఆపి.

"తిరుగుతోంది అన్నయ్యా. మీదానిలా గోల చెయ్యదంతే. కొమ్మ కొస అందిస్తే చాలు, మిగతాది అదే లాక్కుంటుంది."

డాక్టరు వంగి దాని నోట్లోకి పరీక్షగా చూశాడు. "అర్థమైంది. నాది ముందుపళ్ళు, నీది దవడపళ్ళు. నాది కొరుకుతుంది, నీది నములుతుంది."

"నమిలి తినమని పేషెంట్లకి చెప్పేది మీరేగా?"

ఆ మాటతో పోటీ మొదలైంది. డాక్టరు పౌరుషానికి పోయి చేతిమందం కొమ్మను కత్తుల్లోకి తోశాడు. మిషను కీచుమని అరిచి, బిగుసుకుని ఆగిపోయింది. తమ్ముడు నవ్వుకుంటూ తన రోలరులో ఆకుల రెమ్మలు గుప్పాడు. అవి ముక్కలు కాకుండా రోలరు చుట్టూ జడలా చుట్టుకున్నాయి. ఇద్దరూ ప్లగ్గులు పీకి, ఎవరి మిషను నోరు వాళ్ళు శుభ్రం చేసుకుని, మాట్లాడుకోకుండానే ఒక ఒప్పందానికి వచ్చారు. సన్నవి అన్నయ్యకు, లావువి తమ్ముడికి.

కుప్ప అయిపోయింది. అక్కడితో లేచి చేతులు కడుక్కుంటే ఈ కథే లేదు. కాని ఎవరు ఎక్కువ తీసినట్టు?

"ఎత్తు చూడు. నాది మోకాలు దాటింది" అన్నాడు పెద్దల్లుడు తన తురుము పక్కన నిలబడి.

"అందులో సగం గాలే అన్నయ్యా. బరువు చూడండి" అన్నాడు చిన్నల్లుడు తన చెక్కముక్కలు దోసిట్లోకి తీసి.

తేలాలంటే ఇంకా కొమ్మలు కావాలి. పెద్దల్లుడు సన్నవాటి కోసం గులాబీల మీద పడ్డాడు. చిన్నల్లుడు లావువాటి కోసం నిమ్మచెట్టెక్కాడు. అయితే ఏ కొమ్మకైనా మొదలు లావు, చివర సన్నం. ఒకడు తనకోసం నరికినదాంట్లో సగం రెండోవాడికి మేత అవుతోంది. అది గమనించి ఇద్దరూ ఉడుక్కుని మరిన్ని నరికారు.

కాసేపటికి అత్తగారు కిటికీలోంచి చూసి గుండెలు బాదుకున్నారు. "ఆపండి బాబూ!" అని అరిచారు. కత్తుల మిషను హోరులో ఆ అరుపు ఎవరికి వినపడుతుంది? రెండు చేతులూ గాలిలో అడ్డంగా ఊపారు. మొత్తం ఊడ్చెయ్యమంటున్నారనుకున్నాడు పెద్దల్లుడు. అన్నయ్యను పక్కకు తప్పుకోమంటున్నారనుకున్నాడు చిన్నల్లుడు. ఇద్దరూ ఆవిడకు బొటనవేళ్ళు చూపించి రెట్టించిన ఉత్సాహంతో పనిలో పడ్డారు.

అప్పుడు అత్తగారు కంచె వైపు వేలు చూపించి, చెవులు మూసుకుని చూపించి, మళ్ళీ కంచె వైపు చూపించారు.

"కంచె కూడా కొట్టేయమంటున్నారు!" అన్నాడు పెద్దల్లుడు.

"చెవులెందుకు మూసుకున్నారు?"

"చప్పుడైనా ఫరవాలేదు, నేను మూసుకుంటాలే అని."

అత్తగారంటే ఎంత మంచి మనిషో అనుకుంటూ ఇద్దరూ చెరో కొస నుంచి కంచె పొదలు నరుక్కుంటూ వచ్చారు. సరిగ్గా మధ్య పొద పడిపోయేసరికి, దాని వెనకాల నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. చాలాసేపటి నుంచి అరిచి అరిచి ఉన్నట్టుంది, గొంతు బొంగురుపోయింది. పక్క మేడ మీద చెవి పరీక్షలు చేసే మేడమ్ ఆవిడ.

మిషను ఆగింది.

"పొద్దున్నించి ఎంతమందికి పరీక్ష చేశానో అంతమందికీ చెవుడని వచ్చింది!" అందావిడ. "ఒకాయన ఏడ్చేశాడు కూడా. మీకేమైనా న్యాయంగా ఉందా?"

అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు. బోడి నిమ్మచెట్టూ, మోడు గులాబీలూ చూసి ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత ప్రేమగా పెంచుకున్నారో.

"ఏం చేశారు బాబూ ఇది?"

"కుప్ప తీసేశాం అత్తయ్యా" అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఎక్కడ తీశారు? నేను మీకిచ్చింది ఒక్క కుప్ప. ఇప్పుడు మూడున్నాయి!"

అల్లుళ్ళు తల దించుకున్నారు. మేడమ్ కోపం కూడా కాస్త చల్లబడింది. ఆవిడ వంగి తురుము కొంచెం, ముక్కలు కొంచెం చేతిలోకి తీసుకుని చూసింది.

"పిన్నిగారూ, ఇవన్నీ నాకిచ్చేస్తారా? తురుము మేడ మీద కుండీల్లో వేసుకుంటాను. చెక్కముక్కలు మెట్ల కింద బురదలో పరిపిస్తాను. ఆ కంచె కొమ్మలు కూడా ఆడించి ఇచ్చేస్తే, సాయంత్రానికల్లా ఇక్కడ పుల్ల కూడా మిగలదు."

"తీసుకుపో తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నారు అత్తగారు. ఆ వెంటనే, మాట మీద నిలబడే మనిషి కాబట్టి, "కుప్ప తీసినవాళ్ళు ఏమడిగినా కాదననని అన్నాను. నీకేం కావాలో అడుగు" అన్నారు.

మేడమ్ మొహమాటంగా అటూ ఇటూ చూసింది. పొదలు పోయాక తేటగా కనబడుతున్న తలుపు మీద ఆవిడ చూపు ఆగింది.

"ఈ గదెవరిదండీ? ఇన్నాళ్ళూ పక్కనే ఉంటున్నా, ఇక్కడో గది ఉందనే తెలీదు! నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు మెట్లెక్కలేక కింద కూలబడిపోతారు. పైనుంచి పిలిస్తే వాళ్ళకి వినపడదు. అద్దెకిస్తారా?"

అల్లుళ్ళిద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. పళ్ళ డాక్టరు తన నోరు తానే మూసుకున్నాడు, ఫొటోగ్రాఫరు నోరు మాత్రం అలాగే ఉండిపోయింది. అత్తగారు లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చారు.

గది తెరిచిన రోజున మేడమ్ మర్యాదకు అల్లుళ్ళిద్దరికీ ఉచితంగా పరీక్ష చేసి, వినికిడి దివ్యంగా ఉందని చెప్పింది. అత్తగారు మాత్రం ఆ పరీక్ష మిషను చెడిపోయిందేమో చూసుకొమ్మన్నారు.