జెరెమియా పొద్దుటి పాట

ఆ ఆదివారం తుకారాం పెట్టుకున్న పని చాలా చిన్నది. కార్ఖానా పేటలోని ఇంటి నుంచి నేరేడ్‌మెట్ వెళ్లాలి, పోయిన తన గురువు జెరెమియా భార్యను ఒక్క మాట అడగాలి, వచ్చేటప్పుడు మటన్ తేవాలి. తిని పడుకోవాలి. ముహూర్తాలు లేని నెల కనుక పెళ్లి బ్యాండు నడిపేవాడికి ఆదివారం నిజంగానే ఆదివారం.

బయల్దేరే ముందు అలవాటు కొద్దీ క్లారినెట్‌కు కొత్త రీడు బిగించాడు. రీడంటే నోట్లో పెట్టుకునే కొసకు కట్టే పలుచని రెల్లు చీలిక. ఊదేవాడి ఊపిరికి అది అదిరితేనే స్వరం పుడుతుంది. కొత్తది ఎలా పలుకుతుందో ఊది చూడక తప్పదు. అతను చూస్తూ ఉంటే వంటింట్లోంచి భార్య శ్యామలమ్మ అంది.

"పొద్దుగాల్నే పిల్లి తోక తొక్కినట్టు ఏందయ్యా అది?"

"రీడు చూస్తున్ననే."

"మా అమ్మగారింటికెల్లి వచ్చినకాడి నుంచి చూస్తనే ఉన్నవ్. ఇంకా కనపడలేదా?"

తుకారాం స్కూటర్ తీశాడు.

జెరెమియా రాత్రిళ్లు కంటోన్మెంటు క్లబ్బుల్లో జాజ్ వాయించేవాడు. పగలు తుకారాం లాంటి బ్యాండువాళ్లకు ఊదడం నేర్పేవాడు. ఆయన బతికి ఉండగా క్లబ్బుల్లో ఆయన ముందు కూర్చున్నవాళ్లు నోరు తెరిచింది చిల్లీ చికెన్ ఇంకా రాలేదేమని అడగడానికే. ఆయన పోయి ఏడాది తిరగబోతుండగా అందరికీ చెవులు మొలిచాయి. ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే రఘునాథ్ అనే రిటైర్డ్ ఆఫీసరు సంస్మరణ కచేరీ పెడదామన్నాడు. ఆయన ఇంట్లో గోడ నిండా జాజ్ రికార్డులున్నాయి. ఏడు పాటలు ఆయనే ఎంచాడు. ఒక్కో పాటకూ ఒక్కో సాయంత్రం ఉపన్యాసం ఇచ్చాడు. ఎనిమిదో స్థానం మాత్రం ఖాళీగా ఉంచాడు.

"అది జెరెమియా గారికి ప్రాణమైన ట్యూన్ అయి ఉండాలి. మేడమ్‌ని అడిగి రండి తుకారాం. మీరు శిష్యులు కదా," అన్నాడు. ఆ ‘శిష్యులు’ అన్న మాటలో ‘బ్యాండువాడివే అయినా’ అన్నది కూడా వినిపించింది తుకారాంకు. నిజంగా ఆ అర్థంతోనే అన్నాడో లేదో రఘునాథ్‌కే తెలియాలి.

జెరెమియా భార్య ప్రేమమణి చాయ్ పోసిచ్చి ఎదురుగా కూర్చుంది. చాయ్ అడుగంటిన వాసన వేస్తోంది.

"క్లబ్బుల ఆయనేం వాయించిండో నాకు తెల్వదు తుకారాం. నేనెన్నడు పోలే. నాకు తెల్సింది పొద్దుగాల వాయించేదే. ఆయన మెట్ల మీద కూసునేటోడు, నేను లోపట చాయ్ పెట్టేదాన్ని. రోజు గదే పాట."

"ఎట్లుంటదమ్మా?"

"మెల్లగ కిందికి దిగుతది. మళ్ల పైకెక్కుతది. నడిమిట్ల ఎవరో పిలిచినట్టు ఆగుతది. జెర సేపటికి మళ్ల మొదటికెల్లి షురూ. రెండోపారి ఆగంగనే నేను చాయ్ దించేదాన్ని. ఎన్నడు పొంగలే." ఆమె గ్లాసు వైపు చూసింది. "ఇప్పుడు రోజు పొంగుతుంది, లేకుంటే మాడుతుంది."

తుకారాం పాడి చూపించమన్నాడు. చర్చి కోయిర్‌లో ప్రేమమణిని పెదవులు మాత్రం కదిలించమని పాస్టరుగారే బతిమాలుకున్నారు. అయినా ఆమె కళ్లు మూసుకుని పాడింది. దిగడం, ఎక్కడం, ఆగడం, మూడూ ఒకే శ్రుతిలో వచ్చాయి.

"తెల్సిందా?"

తెలియలేదు. కానీ ఆమె ముఖం చూస్తూ ఆ మాట అనడం అతని వల్ల కాలేదు.

"తెల్వకేందమ్మా. గదే గదా."

"అది వాయిస్తనంటేనే నేనొస్త. మిగిలినయి మీరు మీరు వినుండ్రి. నాకా ఒక్కటి ఇంకొక్కపారి వినాలనుంది, అంతే."

మటన్ సంగతి మరిచిపోయి తుకారాం నేరుగా చాయ్ హోటల్‌కు వెళ్లి తన బ్యాండులో డ్రమ్స్ వాయించే యూసుఫ్‌కు ఫోన్ చేశాడు. యూసుఫ్ వచ్చి, అంతా విని, బిస్కెట్ చాయ్‌లో ముంచాడు.

"తెల్వదని చెప్పాలె గదా భాయ్."

"మాస్టర్ పాట శిష్యునికి తెల్వదంటే నా ఇజ్జత్ ఏముంటది?"

"ఇప్పుడేమున్నది?"

తుకారాం తలపట్టుకున్నాడు. "కిందికి దిగుతదట, పైకెక్కుతదట, నడిమిట్ల ఆగుతదట. ఏదయ్యుంటది?"

"దునియాల ఏ పాటైనా గంతే. మా బిల్డింగు లిఫ్టు సుత గంతే."

ఇద్దరూ తెలిసిన పాటలన్నీ కూనిరాగం తీశారు. పక్క బల్లవాళ్లు లేచి వెళ్లిపోయారు. ఒక్కటీ కుదరలేదు. ఆఖరుకు తుకారాం రఘునాథ్‌కు ఫోన్ చేసి ఉన్న నిజమే చెప్పాడు. "సార్, అమ్మ చెప్పింది మీ రికార్డులల్ల ఏడ లేనట్టుంది."

అవతల రఘునాథ్ గొంతు లేచింది. "రికార్డుల్లో లేదా? అంటే... ఆయన సొంతంగా కట్టిందన్నమాట. ఓ మై గాడ్. ఎనిమిదోదిగా దాన్నే ఉంచండి."

"గట్ల కాదు సార్..." అనేలోపు ఫోన్ పెట్టేశాడు. చదువుకున్నవాళ్లతో వచ్చే ఇబ్బందే ఇది. సగం మాట చాలు, మిగతా సగం వాళ్లే పూరించుకుంటారు.

గంటలో వాట్సాప్ గ్రూపులో వచ్చింది: ‘జెరెమియా గారు తన అర్ధాంగి కోసం ప్రతి ఉదయం వాయించిన, ఇంతవరకు వెలుగు చూడని స్వరరచన. తొలిసారిగా వేదికపై.’ సాయంత్రానికి దానికో పేరు ఉండాలన్నారు. రాత్రికి రఘునాథే పేరు పెట్టాడు. మర్నాడు పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో పడింది: ‘ప్రేమమణి’.

పోస్టరు పడ్డాక ఆ పాటను ఎరిగినవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. అందరికంటే ముందు వచ్చినవాడు సత్యదేవ్. ఒకప్పుడు క్లబ్బుకు సెక్రటరీ. వాయించేవాళ్లు వంటవాళ్ల గుమ్మంలోంచే రావాలని రూలు పెట్టిన మహానుభావుడు.

"ఆ ట్యూన్ జెరెమియా నా ముందరే కట్టిండయ్యా. వర్షం పడుతుండె. ‘సార్, ఎట్లుంది’ అని నన్నే అడిగిండు," అన్నాడు.

"మీరేమన్నరు సార్?" అని అడిగాడు యూసుఫ్ ఎంతో వినయంగా.

"కంటిన్యూ అన్న."

ఇదంతా ఒక ఎత్తు, మంగళవారం వచ్చిన ఫోన్ ఒక ఎత్తు. ప్రేమమణి గొంతు కొత్తగా ఉంది.

"నా పేరు పెట్టిండా తుకారాం?"

తుకారాం గోడ మీది పోస్టరు వైపు చూశాడు.

"నాకొక్క మాట చెప్పలే సూడు. ఎన్నడు మూరెడు పూలు తెచ్చినోడు గాదు. కోప్పడ్త అనుకున్నడేమో. చర్చిల అందరికి చెప్పిన. వస్తమన్నరు."

ఫోన్ పెట్టాక తుకారాం చాలాసేపు తన బ్యాండు దుకాణం ముందు ఊరికే నిలబడ్డాడు. ఒక అబద్ధం తను ఆడాడు. రెండోది ఎవరూ ఆడలేదు, దానంతటదే పెరిగింది. ఇప్పుడు దాన్ని విప్పాలంటే ఆమె చేతికొచ్చిన ఒక్క పువ్వునూ లాక్కోవాలి.

"కట్టేద్దాం భాయ్," అన్నాడు సంగతి విన్న యూసుఫ్. "దిగాలె, ఎక్కాలె, ఆగాలె. గంతే గదా."

యూసుఫ్ గదిలో కూర్చుని కట్టడం మొదలుపెట్టారు. తుకారాం వేళ్లు పెళ్లి వేళ్లు. ఎంత విషాదంగా మొదలుపెట్టినా రెండు నిమిషాల్లో వీధిలోకి వెళ్లిపోయేవి.

"ఇది ఇంటే పెండ్లికొడుకు గుర్రం నడుస్తది భాయ్. అమ్మకు ఏడుపు రాదు," అన్నాడు యూసుఫ్. వేగం తగ్గించారు. ఇంకా తగ్గించారు. చివరికి గుర్రం కూడా నిలబడిపోయేంత నెమ్మదిగా ఒక పాట తయారైంది.

రిహార్సల్‌లో అది విని రఘునాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సత్యదేవ్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "మూడో మలుపు తప్పు. జెరెమియా అక్కడ ఇంకా జెర వంచేటోడు."

తుకారాం, యూసుఫ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మలుపు పుట్టి రెండు రోజులు కాలేదు. అయినా పెద్దమనిషి మాట కాదనలేక వంచారు. చెప్పకేం, వంచాక బాగానే ఉంది.

కచేరీ రోజు పొద్దున తుకారాం నిజం చెప్పేద్దామని నేరేడ్‌మెట్ వెళ్లాడు. తలుపు తీసే ఉంది, లోపల ప్రేమమణి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. అతన్ని చూడగానే లోపలికెళ్లి నల్ల పెట్టె తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. జెరెమియా క్లారినెట్. ఆయన పోయాక ఎవరినీ ముట్టనివ్వలేదు.

"ఆ పాట దీని మీదనే వాయించు. వేరేదాని మీద వద్దు. సరేనా? ఏదో చెప్దామని వచ్చినట్టున్నవ్?"

"ఆటో పంపుత అని చెప్దామని వచ్చినమ్మా," అన్నాడు తుకారాం. ఆ రోజంతా సిగ్గుతో ఆ పెట్టె మూత కూడా తీయలేదు.

హాలు నిండింది. ముందు వరుసలో ప్రేమమణి, ఆమె వెనకాల చర్చివాళ్లు. రఘునాథ్ ఎంచిన ఏడు పాటలూ తుకారాం తన క్లారినెట్ మీద వాయించాడు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు, మర్యాదగా ఫోన్లు చూసుకున్నారు. ఎనిమిదోది వచ్చింది. రఘునాథ్ మైకు ముందుకొచ్చి ‘మరుగున పడిన మణి’ గురించి మాట్లాడుతుండగా తుకారాం వెనక్కి తిరిగి పెట్టె తెరిచాడు.

ఏడాదిగా ఊపిరి తగలని రీడు ఎండి, నిలువునా చీలి ఉంది.

దాన్ని తీసి, జేబులోంచి కొత్తది నోట్లో పెట్టుకుని తడిపి బిగించాడు. ఎలా పలుకుతుందో చూడాలి కదా. పక్కనున్న మైకు ఎవరూ ఆపలేదన్న సంగతి అతనికి తెలియదు. గురువు నేర్పినట్టే పై స్వరం నుంచి ఒక్కొక్కటీ తాకుతూ కిందికి దిగాడు. మళ్లీ మెల్లగా పైకెక్కాడు. మధ్యలో ఒక స్వరం బొంగురుపోయింది. ఆగాడు. రీడు వెంట్రుక వాసి జరిపి మళ్లీ మొదటి నుంచి దిగాడు, ఎక్కాడు. మళ్లీ అక్కడే పట్టేసింది. ఆగాడు.

హాల్లో కుర్చీ కిర్రుమంది. తుకారాం తిరిగి చూశాడు. ప్రేమమణి లేచి నిలబడి ఉంది. కళ్లు మూసుకుంది. ఆమె చేయి, ఆమెకు తెలియకుండానే, ఎదుట ఏమీ లేని గాల్లో ఒక గిన్నెను పట్టుకుని పక్కకు దించింది.

తుకారాంకు అప్పుడు అర్థమైంది. ఆ ఆదివారం పొద్దున ఇంట్లో శ్యామలమ్మ తిట్టింది దీన్నే. అది పాటని అతనికెప్పుడూ తోచలేదు. గొంతు సవరించుకోవడాన్ని ఎవరు పాటంటారు?

ప్రేమమణి చెంగుతో ముఖం తుడుచుకుని కూర్చుంది, చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూసింది. రఘునాథ్ ఉపన్యాసం ముగించి పాట పేరు గంభీరంగా ప్రకటించాడు. తుకారాం, యూసుఫ్ తాము కట్టిన పాట వాయించారు. మూడో మలుపు దగ్గర సత్యదేవ్ బాహాటంగా ఏడ్చాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. లేవంది ప్రేమమణి ఒక్కతే.

అందరూ వెళ్లాక ఆమె వేదిక వెనక్కి వచ్చింది.

"మంచిగ వాయించినవ్ బిడ్డా. అచ్చం ఆయన లెక్కనే. ఆగుడు సుత గక్కడనే."

"అమ్మా, తర్వాత వాయించింది..."

"అదేందో పెండ్లి పాట లెక్కుంది. దానికి నా పేరెందుకు పెట్టిండ్రు?"

యూసుఫ్ డ్రమ్ము సంచి సర్దుకునే నెపంతో అటు తిరిగాడు. తుకారాం ఇక దాచలేదు.

"అమ్మా, మీరు విన్నది పాట గాదు. రీడు మంచిగున్నదా లేదా అని చూసుకునుడు. ఊదేటోళ్లందరు చూస్కుంటరు. మాకు మాస్టర్ నేర్పిన తీరు గిది. నడిమిట్ల ఆగేది రీడు పట్టేసి."

ప్రేమమణి పక్కనున్న నల్ల పెట్టె వైపు చూసింది.

"అంటే నా కోసం వాయించలే."

"లేదమ్మా."

"ఎవ్వరి కోసం వాయించలే."

"లేదమ్మా."

ఆమె పెట్టె మీద చేయి వేసి నిమిరింది. "పోనీ. మంది కోసం వాయించినయన్ని మందికే పోయినయ్, వాళ్లు ఇన్నరో లేదో. ఇదొక్కటి ఎవ్వరిది గాకుండ మిగిలింది. ఇది నేనుంచుకుంట."

పెట్టె అతని వైపే తోసింది. "ఇది నువ్వుంచుకో. కాని రీడు మార్చేదుంటే మాత్రం మా ఇంటికొచ్చి మార్చు. చాయ్ పెడ్త."

‘ప్రేమమణి’ ఇప్పుడు కంటోన్మెంటులో పేరున్న పాట. సత్యదేవ్ ఏ సభకు వెళ్లినా దాని పుట్టుక గురించి వర్షంతో సహా చెబుతాడు. అది తప్పని రుజువు చేయగలిగినవాళ్లు ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరినీ పాట ఇంకా బాగా వాయించమని ఆయనే సలహా చెబుతుంటాడు.

మంచి రీడు జాగ్రత్తగా వాడుకుంటే నెల రోజులు వస్తుంది. తుకారాంకు మాత్రం ప్రతి ఆదివారం పొద్దున్నే ఒకటి పాడవుతోంది.