పిచ్చుకకు కాగితాలున్నాయా?

ఆ ఉదయం గడియారాలు బాగుచేసే ఆయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. విమానం దిగడం, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవడం, పెట్టె తీసుకోవడం, కస్టమ్స్ వాళ్ళకో నమస్కారం పెట్టి బయటపడటం, గుమ్మంలో ఉండే బస్సెక్కి భార్యకు మంచుకొండ చూపించడం. అంతే. కాకపోతే కొండదారిని ఆ సాయంత్రం నుంచి చలికాలమంతా మూసేస్తారు. ఆ ఏటికి అదే ఆఖరి బస్సు.

ఆవిడకు మంచు అంటే ఎందుకంత పిచ్చో ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. పెళ్ళయిన కొత్తలో పాత కేలండరులోంచి ఒక మంచుకొండ బొమ్మ కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకుంది. ఏటా ఆయన “వచ్చే ఏడు చూద్దాంలే” అనేవాడు. ఏటా ఆవిడ “సరేలెండి” అనేది. ఆవిడ పోట్లాడినా బాగుండేది. ఆ “సరేలెండి” మాత్రం ఆయనకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

విమానంలో పంచిన ప్రవేశ పత్రాలు రెండూ ఆయనే నింపాడు. “అబద్ధం రాయకండి, ఖాళీ వదలకండి” అని టిక్కెట్లమ్మిన పెద్దమనిషి మరీ మరీ చెప్పాడు. అందుకని భార్య పత్రంలో ‘వృత్తి’ అన్నచోట ‘ఏమీ లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. అక్కడే కొంప మునిగింది.

“ఏమీ లేదా? ఇన్నేళ్ళూ నేను చేసింది ఏమీ లేదా?” అంది ఆవిడ.

“అది కాదే, ఉద్యోగం అడిగారని...”

“మీరు పారేసుకున్న మరలన్నీ బల్లల కింద దూరి ఏరేదెవరు? గిరాకీలతో మీరు గొడవపెట్టుకుంటే సర్దిచెప్పేదెవరు? ఏమీ లేదట! నేను మీతో రాలేదనుకోండి.”

అన్నంత పనీ చేసింది. దిగగానే వేరే వరసలో నిలబడి, ముద్ర వేయించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఈయన పెట్టె ఈడ్చుకుంటూ కస్టమ్స్ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఎక్కడా లేదు. బల్ల వెనక అధికారి ఏదో అడిగాడు. ఈయన గుడ్లప్పగించి చూశాడు. అధికారి ఫోను తీసి, తెలుగు తెలిసిన దుబాసీని లైన్లోకి పిలిచి, స్పీకరు పెట్టాడు. గరగరమంటూ ఆడగొంతు వినిపించింది.

“మీ వెంట ఏం తెచ్చారని అడుగుతున్నారండీ.”

ఆయన చెవికి ‘మీ వెంట’ వరకే ఎక్కింది. ఆ కంగారులో, ఎన్నో ఏళ్ళుగా నోరు దాటని మాట ఒకటి బయటపడింది. “నా పిచ్చుక! నా పిచ్చుకేదండీ? ఇందాకటిదాకా నాతోనే ఉంది!”

పిచ్చుక అంటే భార్యే. ఇంతే ఉంటుంది, రోజంతా కిచకిచలాడుతుంది కాబట్టి కాపురం కొత్తలో అలా పిలిచేవాడు. ఒకసారి అత్తగారు విని పకపకా నవ్వేసరికి సిగ్గుపడి మానేశాడు. నాటి నుంచి “ఇదిగో”, “ఏమోయ్” లతోనే సంసారం నడుస్తోంది.

దుబాసీకి ఇదంతా ఏం తెలుసు? పైగా మన తెలుగొకటి! పిచ్చుకైనా పెళ్ళామైనా వస్తే ‘వచ్చింది’, అలిగితే ‘అలిగింది’. ఎవరు పెట్టారో గానీ ఆ వ్యాకరణం ఆయన్ను నిలువునా ముంచింది.

“ఎలా తెచ్చారు?” అంది దుబాసీ.

“పక్కన కూర్చోబెట్టుకుని. కిటికీ వైపు.”

“సీట్లోనా?”

“టిక్కెట్టు కొన్నానండీ!”

“టీకాలు వేయించారా?”

“అన్నీ అయ్యాయి. కాగితాలు మాత్రం తన దగ్గరే ఉన్నాయి.”

దుబాసీ ఒక్క క్షణం తటపటాయించింది. కానీ విన్నది విన్నట్టు చెప్పాలి, సొంత తెలివి వాడకూడదన్నది ఆమె ఉద్యోగ నియమం. చెప్పేసింది.

“ఎలా ఉంటుంది?”

“చిన్నగా, చామనఛాయగా. ముక్కు కాస్త కోసుగా ఉంటుంది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నా మీద అలిగిందండీ!”

అధికారి గోడ మీది ఎర్ర మీట నొక్కాడు. తలుపులన్నీ ధడేల్మని మూతపడ్డాయి. వలలు పట్టుకుని ఇద్దరు, నిచ్చెన మోసుకుంటూ ఒకరు పరిగెత్తుకొచ్చారు. ప్రయాణికులంతా మెడలు సాచి పైకప్పు చూడసాగారు. తన భార్య కోసం నిచ్చెనెందుకో ఆయనకు బోధపడలేదు. పై దేశంలో పద్ధతులు ఇలాగే ఉంటాయి కాబోలనుకున్నాడు.

“చెప్పకుండా తెచ్చారు కాబట్టి ఇద్దర్నీ వెనక్కి పంపేస్తారటండీ” అంది దుబాసీ.

ఆయన ఫోను మీదికి వంగి చేతులు జోడించాడు. “ఇద్దర్నీ వద్దండీ, మీకు పుణ్యముంటుంది! తప్పు రాసింది నేను, నన్ను పంపేయండి. తనను మాత్రం ఆ బస్సెక్కించండి. ఇన్నేళ్ళూ మంచు చూపిస్తానని ఆశపెట్టి, రేపు మాపంటూ గడిపేశాను. ఒక్కనాడు కూడా తను పల్లెత్తు మాటనలేదు. నేను చూడకపోయినా ఫరవాలేదు, తను చూస్తే చాలు.”

ఫోనులో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. దుబాసీ ఏం చెప్పిందో గానీ, రాస్తున్న అధికారి కలం ఆపి ఆయన వంక చూశాడు. అరలోంచి మైకు తీసి చేతిలో పెట్టాడు.

“మీ గొంతు గుర్తుపడుతుందేమో, పిలవమంటున్నారండీ.”

ఆయన మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. “పిచ్చుకా! ఎక్కడున్నావే? నాదే తప్పు. ఏమీ లేదని రాయడమేమిటే, నువ్వు లేకపోతే నాకేమీ లేదు. రావే తల్లీ!”

హాలు మార్మోగింది. వలలు పైకి లేచాయి. మూలనున్న ఆడవాళ్ళ బాత్రూము తలుపు తెరుచుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆవిడ బయటికొచ్చింది.

“ఏమిటండీ ఆ అరుపులు, నలుగురిలో! మైకులో ఆ పేరేమిటి, సిగ్గులేకుండా!”

“అదిగో! నా పిచ్చుక!” అన్నాడాయన.

వలలవాళ్ళు ఆవిడ నెత్తి మీద వెతికారు, భుజాల మీద వెతికారు.

“ఎక్కడుందని అడుగుతున్నారండీ” అంది దుబాసీ.

“ఎక్కడుండటమేమిటమ్మా? మా ఆవిడ!”

ఫోనులో ముందు “అయ్యో రామ” అని వినిపించింది. తర్వాత ఆపుకోలేని నవ్వు. ఆ నవ్వుల మధ్యే దుబాసీ సంగతి చెప్పింది. నిచ్చెన మీదివాడు పొట్ట పట్టుకుని నవ్వుతూ దిగిపోయాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. “మరిచిపోయారనుకున్నా ఆ పేరు” అని మొగుడి చొక్కా గుండీ సరిచేసింది.

“బస్సు పోయుంటుందే” అన్నాడాయన, తల వంచుకుని.

పోలేదు. తలుపులు మూసేయడంతో, జనాన్ని పిలుచుకెళ్ళడానికి లోపలికొచ్చిన దాని డ్రైవరు, ప్రయాణికులు అందరూ ఆ హాల్లోనే చిక్కుకుని, ఇంతసేపూ పైకప్పు చూస్తున్నారు. పిచ్చుక ఎగిరిపోయిందనుకోకపోతే వాళ్ళెప్పుడో వెళ్ళిపోయేవారు.

అధికారి నవ్వుతూ రెండు పత్రాల మీదా ముద్ర కొట్టాడు. మరి మీరు ఆయన్నేమని పిలుస్తారని ఆవిడను అడిగించాడు. ఆవిడ మొగుడి వంక మురిపెంగా చూసి, “మొద్దు” అంది.

దుబాసీ ఆ ఒక్క మాట అనువదించలేదు. ఆ దేశంలో కలపకు కూడా అనుమతి పత్రం కావాలి.