ఒకే దిక్కుగా నడవవలెను

ఆదివారం ఉదయం బస్సు డిపో టైమ్‌కీపర్ తన ఇంటి ముందుగదిలో నిలబడి, డ్రైవర్లకు చెప్పే పద్ధతిలోనే, భార్యకూ అత్తగారికీ ఆ రోజు కార్యక్రమం వివరించాడు. పడవలో నది ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళడం, అక్కడి పురాతన బౌద్ధాలయం చూడటం, ఆఖరి పడవలో తిరిగి రావడం. డిపోలో ఆయన చెయ్యి ఊపనిదే బస్సు కదలదు. ఇంట్లో ఆయన రెండు చేతులూ ఊపినా ఎవరూ కదలరు, అది వేరే సంగతి.

అసలు ఈ ప్రయాణం వెనక ఆయనకో కోరిక ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారి నోట తన గురించి ఒక్క మంచిమాట వినలేదు. ఏం చేసిపెట్టినా ఆవిడ "పెద్దల్లుడైతేనా..." అని నిట్టూర్చేది. ఆ పెద్దల్లుడు, అంటే మన టైమ్‌కీపర్ తోడల్లుడు, ఈ ఆలయం చూపిస్తానని ఏళ్ళ తరబడి మాటలతోనే సరిపెట్టాడు. ఆ పని తాను చేసి చూపిస్తే ఆవిడ మెచ్చుకోక తప్పదని టైమ్‌కీపర్ నమ్మకం.

"మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకోకండి, అత్తయ్యగారూ. రేవు దగ్గర చక్రాల కుర్చీ మాట్లాడేశాను. మీరు కూర్చుంటే చాలు."

"నేనేమన్నా మూటనా బాబూ, తోసుకెళ్ళడానికి? పెద్దల్లుడైతేనా, చెయ్యి పట్టుకుని నడిపించేవాడు."

పడవ దిగి ఆలయ ద్వారం చేరేదాకా అంతా అనుకున్నట్టే జరిగింది. చక్రాల కుర్చీలో అత్తగారు కూర్చోలేదు గానీ, ఆవిడ చేతిసంచి దర్జాగా కూర్చుంది. గుంపులో ఫోన్లు పోతాయని టైమ్‌కీపర్ ముగ్గురి ఫోన్లూ తన భుజానికున్న సంచిలో వేసుకున్నాడు. చెప్పులకూ కుర్చీకీ కాపలాగా భార్యను ద్వారం పక్కన అరుగుమీద కూర్చోబెట్టాడు.

లోపల కొండంత స్తూపం ఉంది. దాని చుట్టూ రాళ్ళు పరిచిన బాట. ముందు ఒక ప్రదక్షిణ చేసి, ఆ తరవాతే మెట్లెక్కి లోపలి మందిరంలోకి వెళ్ళాలి. స్తూపం కుడిచేతివైపు ఉండేలా అందరూ ఒకే దిక్కుగా నడవాలి, ఎవరైనా ఎదురు తిరిగితే కావలివాడు ఈల వేస్తాడు. ఇంత క్రమశిక్షణ ఉన్న చోటును టైమ్‌కీపర్ జన్మలో చూడలేదు. ఆ ఉత్సాహంలో ఇటుకల గొప్పతనం చెప్పుకుంటూ పోయి, తల తిప్పేసరికి పక్కన అత్తగారు లేరు. ఆవిడ గోడమీద చెక్కిన ఏనుగుల వరస చూస్తూ ఎక్కడో వెనకే ఆగిపోయింది.

ఆయన వెనక్కి నాలుగడుగులు వేశాడో లేదో ఈల మోగింది.

"ఎదురు నడవకూడదు సార్. చుట్టు తిరిగి రండి."

టైమ్‌కీపర్‌కు రూలంటే రూలే. చుట్టు తిరిగి వచ్చి పట్టుకుందామని ముందుకే పరుగు తీశాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు ఏనుగులనుంచి కళ్ళు తిప్పి, అల్లుడు కనిపించక, ఆయన్ను అందుకుందామని అడుగుల వేగం పెంచింది. స్తూపానికి అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు.

మొదట ద్వారం దగ్గరికి టైమ్‌కీపర్ వచ్చాడు.

"అత్తయ్యగారు ఇటొచ్చారా?"

"మీతోనే కదండీ వచ్చింది?" అని భార్య అనేలోపే ఆయన దాటిపోయాడు. కాసేపటికి తల్లి వచ్చింది.

"మీ ఆయనేడే?"

"నీకోసమే వెతుకుతూ ఇప్పుడే అటు వెళ్ళారమ్మా. నువ్విక్కడ కూర్చో, ఆయనే వస్తారు."

"నువ్వూరుకో. అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడుగానీ, ఒట్టి అమాయకుడు" అంటూ ఆవిడా సాగిపోయింది. మరుసటి చుట్టులో భార్య భర్తనూ ఆగమని బతిమాలింది. "నడవలేని మనిషి ఎక్కడ కూలబడిందో ఏమో, నేను తీరిగ్గా నిలబడనా?" అని ఆయన ఇంకా జోరు పెంచాడు.

దారిలో కావలివాడికి ఆనవాళ్ళు చెప్పాడు. "మోకాళ్ళ నొప్పులావిడ. నాలుగడుగులు కూడా వెయ్యలేరు." కావలివాడు నీళ్ళసీసా పట్టుకుని మెట్లమీద కూర్చున్న ప్రతి పెద్దావిడనూ పలకరించాడు. కుచ్చిళ్ళు ఎగదోపుకుని రైలులా దూసుకొస్తున్న ఒకావిడకు మాత్రం పక్కకు జరిగి దారిచ్చాడు.

అటు అత్తగారు ఒక భిక్షువుతో మొరపెట్టుకుంది. "మా చిన్నల్లుడు తప్పిపోయాడు నాయనా. భుజాన సంచి ఉంటుంది. పాపం, అమాయకుడు." భిక్షువు ఆ మాట పక్కవాళ్ళ చెవిన వేశాడు. అది బాట వెంబడి సగం దూరం పోయేసరికి ఆ అల్లుడు ఊరూ పేరూ చెప్పలేడట. పూర్తిగా చుట్టి వచ్చేసరికి, చెయ్యి పట్టుకోకపోతే తిన్నగా నదిలోకి నడిచిపోతాడట.

ఇద్దరు పుష్టిగల ఆడవాళ్ళు టైమ్‌కీపర్‌ను చెరో చెయ్యీ పట్టుకుని ఆపారు.

"భయపడకు బాబూ, మీవాళ్ళు వచ్చేస్తారు."

"తప్పిపోయింది నేను కాదండీ, మా అత్తయ్యగారు."

"అలాగే నాయనా, అలాగే. ఇదిగో, అరటిపండు తిను."

"నేను టైమ్‌కీపర్నండీ. నేను చెయ్యి ఊపితేనే బస్సులన్నీ కదుల్తాయి."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతవరకూ ఏ మూలనైనా కాస్త అనుమానం ఉంటే అదీ తీరిపోయింది. ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

ఆయన ఒక్క గుంజు గుంజి విడిపించుకుని, దిక్కు కూడా చూసుకోకుండా ఎదురు పరుగెత్తాడు. ఈల మోగింది. జీవితంలో మొదటిసారి రూలు తప్పిన కంగారులో రాయి తగిలి కాలు మడతపడి, బాట మధ్యలో కూలబడ్డాడు. మొత్తానికి ఇద్దరిలో ఒకరు ఆగడంతో రెండోవారు వచ్చి చేరారు.

"ఎక్కడికి పోయారు బాబూ?" అంది అత్తగారు రొప్పుతూ.

"మీకేమయిందో అని ప్రాణాలు పోయాయండీ" అన్నాడాయన. ఆ క్షణాన మంచిమాట సంగతే ఆయనకు గుర్తులేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

ఆవిడ ఆశ్చర్యంగా మోకాళ్ళకేసి చూసుకుంది. "చూసుకోలేదు బాబూ."

ఆఖరి పడవకు వేళయింది. కావలివాడు చక్రాల కుర్చీ తెచ్చి టైమ్‌కీపర్‌ను అందులో కూర్చోబెట్టాడు. కూతురు వద్దంటున్నా వినకుండా అత్తగారే రేవుదాకా కుర్చీ తోసింది. పడవ కదిలాక టైమ్‌కీపర్ సంచిలో ఆవిడ ఫోన్ మోగితే, తీసి ఇచ్చాడు. చేసింది పెద్దల్లుడే. ఈసారి సెలవుల్లో తప్పకుండా ఆ ఆలయం తనే చూపిస్తానంటున్నాడు.

"చిన్నల్లుడైతేనా," అంది ఆవిడ తాపీగా, "చెప్పి ఊరుకోడు బాబూ. కాలు మడతపడేదాకా తిరిగి మరీ చూపిస్తాడు."

టైమ్‌కీపర్ పడవ బల్లమీద వెనక్కి వాలి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు. ఆలయం లోపల ఏముందో మాత్రం ఆ ముగ్గురిలో ఎవరూ చూడలేదు.