తార తిన్నదా?

ఆ పొద్దున అరుణమ్మ చేయాల్సిన పనులు ఇవి: దిల్‌సుఖ్‌నగర్ ఆడపిల్లల హాస్టల్లో అరవై మందికి ఉప్మా. గ్యాస్ బండ కోసం ఫోన్. మధ్యాహ్నానికి సాంబారు. ఈ మధ్యలో కర్మన్‌ఘాట్ హనుమంతుడికి ఓ కొబ్బరికాయ.

కొబ్బరికాయ కూతురు సంధ్యారాణి కోసం. ఎల్బీనగర్‌లోని ఓ గేమ్ కంపెనీలో ఆమె మూడు నెలల ట్రయల్ ఆరోజుతో ముగుస్తుంది. కథ చదువుతూ, పాత్ర ఏదైనా అంటే తెరమీది జవాబుల్లో ఒకటి నొక్కుతూ ఆడే ఆట అది. అందులో దాచిన అధ్యాయం ఒకటుందట. మధ్యాహ్నం పన్నెండులోగా దాన్ని తెరిచి, ఆటలోని ఊరు నమ్మేలా ఉందో లేదో చెబితేనే ఉద్యోగం. సంధ్య నలభై ఒక్కసార్లు ఆడింది. తెరుచుకోలేదు. ఇందులో అరుణమ్మకు అర్థమైంది 'పన్నెండులోగా తెరవాలి' అన్నంతవరకే. ఏదో తాళంచెవి పోయిందనుకుంది.

హడావిడిలో సంధ్య ట్యాబ్‌ను హాస్టల్ వంటగట్టు మీద ఛార్జింగ్‌లోనే వదిలేసి పోయింది. తెరమీద తార అనే అమ్మాయి బొమ్మ. "ఈ ఊళ్లో నాకెవరూ లేరు," అని ఉంది. ఐదో తరగతి చదివిన అరుణమ్మ కూడబలుక్కుని చదివింది. కూతురి ఆఫీసు పిల్ల మెసేజ్ పెట్టిందనుకుంది. ఫోటో బదులు బొమ్మ పెట్టుకుందంటే పాపం సిగ్గరి అయ్యుంటుంది. కింద మూడు జవాబులున్నాయి: 'నీ కోసం పోరాడతాను', 'నీ రహస్యం చెప్పు', 'తిన్నావా?'

పదహారేళ్లుగా హాస్టల్లో కొత్తగా దిగిన ప్రతి పిల్లనూ అరుణమ్మ అడిగేది మూడోదే. దాన్నే నొక్కింది. తార మాట దాటేసింది. అరుణమ్మ మళ్లీ నొక్కింది. ఏడోసారికి తార భోరుమంది. "మూడు రోజులైంది," అంది. తెరమీద ఓ తలుపు తెరుచుకుంది, తార ఇల్లూ, ఆ వీధీ కనిపించాయి.

"లచ్చమ్మా! సంధ్య ఆఫీసుల ఓ పిల్ల మూడు దినాలసంది తినలేదంటనే!"

"గా ఆఫీసోళ్లకు కండ్లు లేవా?" అంది తోటి వంటమనిషి లచ్చమ్మ.

లచ్చమ్మకు తెలిస్తే హాస్టల్‌కంతా తెలిసినట్టే. ఒకమ్మాయి దుప్పటి తెచ్చింది, ఇంకొకమ్మాయి చెప్పులు తెచ్చింది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ఇద్దరూ నాలుగు గిన్నెల క్యారేజీ, ట్యాబ్‌తో సహా ఎల్బీనగర్‌లో ఆటో దిగారు. "పైన పిల్ల పడిపోయిందంట!" అని లచ్చమ్మ తనవంతుగా ఓ ముక్క కలపగానే వాచ్‌మన్ అంబులెన్సుకు ఫోన్ కొట్టాడు.

పైన సంధ్య యజమాని విశ్వేశ్వరరావు ముందు తలవంచుకుని నిలబడి ఉంది.

"అధ్యాయం తెరవలేదు, ట్యాబూ తేలేదు. ఇంక రేపట్నుంచి రానక్కర్లేదమ్మా," అంటున్నాడాయన.

"సార్, తార ఏది?" తలుపు తోసుకొచ్చింది అరుణమ్మ. "మూడు దినాలు పిల్లను ఎండబెడ్తరా?"

"అమ్మా, అది ఆటల బొమ్మనే!" సంధ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బొమ్మనా? మరి ఏడ్చింది కదనే..."

విశ్వేశ్వరరావు గబుక్కున ట్యాబ్ అందుకున్నాడు. దాచిన అధ్యాయం తెరుచుకునే ఉంది. ఆ ఆట రాసింది ఆయనే.

"ఏడుసార్లు 'తిన్నావా' అంటేగానీ తెరుచుకోదండీ. మా నాయనమ్మ అలాగే అడిగేది. ఇన్నాళ్లలో రెండోసారి అడిగినవాళ్లే లేరు." ఆయన ట్యాబ్ ఆమె వైపు తిప్పాడు. "ఇంతకీ, ఊరెలా ఉందండీ?"

"మంచిగనే ఉంది సార్. గని నాలుగిండ్లకు ఒక్కటే నల్లా పెట్టిన్రు, నల్లా కాడ ఒక్క బిందె లేదు. పిల్ల ఇంట్ల బియ్యం డబ్బా లేదు. గసొంటి ఊళ్లె ఎవలైనా ఎట్ల తింటరు?"

సంధ్య అప్పటికే రాసుకుంటోంది. నలభై ఒక్కసార్లూ తను తార కోసం పోరాడింది, ఒక్కసారీ అన్నం సంగతి అడగలేదు. రిపోర్టు కింద తన పేరుకంటే ముందు అమ్మ పేరు రాసింది. తండ్రి పేరే ఉండే డిగ్రీ పట్టా మీద ఆ పేరుకు చోటు దొరకలేదు మరి.

ఉద్యోగం నిలబడింది. అంబులెన్సులో వచ్చినవాళ్లకు కూడా సాంబారన్నం సరిపోయింది. తార బొమ్మేనంటే లచ్చమ్మ మాత్రం నేటికీ నమ్మదు. "మరి గిన్నెలు ఖాళీగెట్ల ఒచ్చినయ్?" అంటుంది.

ఆ ఆట మీ చేతికొస్తే, చివర్లో పేర్లు పోతున్నప్పుడు ఆపేయకండి. అన్నిటికన్నా కింద 'అరుణమ్మ, హాస్టల్ వంట' అని ఉంటుంది. ఆమెను ఒక్కసారి తలుచుకోండి, తిన్నాకే.